గోడ ఆగిన చోట

మా వదిన ఇల్లు సముద్రంలోకి పోయిన మూడో వారంలో, మా తీరాన్ని కాపాడే పథకం నా బల్ల మీదికి వచ్చింది.

పంజాగుట్టలో ఒక మూడో అంతస్తులోని అనువాదాల ఆఫీసులో నేను చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మందుల డబ్బాల్లో పెట్టే కాగితాలు, బ్యాంకుల షరతులు, ఎరువుల బస్తాల మీది జాగ్రత్తలు ఇంగ్లీషులో వస్తాయి, నేను తెలుగులోకి మారుస్తాను. నేను రాసినవి ఎవరూ చివరిదాకా చదవరని నాకు తెలుసు. అది నన్నెప్పుడూ పెద్దగా బాధపెట్టలేదు. ఆ రోజు మా ఆఫీసు యజమాని తెచ్చి పెట్టిన కట్ట మీద మా తీరం పేరు ఉంది. నాలుగు రోజుల్లో కావాలన్నాడు. తీరంలో ప్రజల ముందు చదివే సభ ఉందట, దానికి తెలుగు ప్రతి కావాలట. నాది ఆ తీరమే అని ఆయనకు తెలుసు. అందుకే నాకు ఇచ్చాడు, మాటలు బాగా కుదురుతాయని.

మా ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఒక్క ఊరికే పట్టిన గతి అనుకుంటారు. గోదావరి దాటాక తీరం వెంట ఉన్న చేపలవాళ్ళ పల్లె అంటే చాలు. నా చిన్నప్పుడు మా ఇంటి నుంచి సముద్రానికి పోవాలంటే బాగా నడవాలి. రెండు వీధులు దాటాలి. కొబ్బరి తోట దాటి, సరుగుడు చెట్ల మధ్యనుంచి పోతే వలలు ఆరబెట్టే మైదానం వస్తుంది. ఆ తర్వాత కాళ్ళు కాల్చే ఇసుక. మధ్యాహ్నం నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళేటప్పుడు ఆ ఇసుక మీద ఒక్క పరుగున పోయి తడి ఇసుకలో నిలబడి ఊపిరి పీల్చుకునేదాన్ని. ముందు ఆ ఇసుక పోయింది. తర్వాత మైదానం, సరుగుడు చెట్లు, కొబ్బరి తోట. తర్వాత ఒక వీధి, ఆ తర్వాత రెండో వీధి. మా ఇల్లు కట్టిన చోటే ఉంది. సముద్రమే నడుచుకుంటూ మా గుమ్మం దగ్గరికి వచ్చింది.

ఆ ఇంట్లో మా అన్న, వదిన ఉండేవాళ్ళు. అమావాస్య పోటుకు అలలు వీధి అరుగు ఎక్కడం మొదలయ్యాక, ఇక నిలవదని వాళ్ళకు అర్థమైంది. అన్న పైకప్పు రేకులు విప్పాడు, తలుపులు, కిటికీలు ఊడదీశాడు. వదిన గిన్నెలు మోసింది, తుఫాను వస్తే తలదాచుకోడానికి కట్టిన పక్కా భవనంలోకి. అన్నీ మోయడం పూర్తికాక ముందే ఒక మధ్యాహ్నం వెనక గోడ కూలింది. నాకు ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పింది.

"వంటగది పోయింది అమ్మాయ్. పొయ్యి మీద పులుసు ఉంది."

ఆ తర్వాత లైనులో గాలి చప్పుడు వినిపించింది.

అన్న పడవ కోసం అక్కడే ఉండిపోయాడు. ఆ పక్కా భవనంలో బడి నడపాలని వీళ్ళను ఖాళీ చేయమనేసరికి, కొన్నాళ్ళు నా దగ్గర ఉండమని వదినను పిలిచాను. ఒక ఉదయం అమీర్‌పేటలో బస్సు దిగింది. రెండు సిమెంటు సంచుల్లో గిన్నెలు, ఒక రేకు డబ్బా నిండా మెత్తళ్ళ ఎండు చేపలు. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, ఫుట్‌పాత్ నిండా పుస్తకాలు పరిచిన సందుల్లోంచి, ఆ సంచులు చెరొకటి మోసుకుంటూ ఇంటికి వచ్చాం. నేనుండేది రెండో అంతస్తులో ఒకటిన్నర గదుల పోర్షన్. భర్త పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను, ఒకరు వస్తే నాకేమీ ఇరుకు కాదు.

వారం తిరగకుండానే కింద పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరమ్మ పైకి వచ్చింది. మంచి మనిషే. నాకు జ్వరం వస్తే జావ కాచి పంపిన మనిషి. చేపల వాసన మెట్ల దాకా వస్తున్నదని, జర కిటికీలు మూసుకొని వండుకోమని చెప్పింది. సరేనన్నాను. అంతటితో పోయుంటే బాగుండేది. పోతూ పోతూ వదిన వైపు చూసి జాలిగానే అడిగింది.

"సముద్రం పక్కపొంటి ఇల్లెందుకు కట్టుకున్నరమ్మా? గింత తెల్వదా?"

పది రోజులుగా నేను ఆ ప్రశ్నే వింటున్నాను. ఆఫీసులో, కూరగాయల బండి దగ్గర, ఫోన్లలో, చదువుకున్నవాళ్ళ నోట, చదువుకోనివాళ్ళ నోట. తప్పంతా ఇల్లు కట్టుకున్నవాళ్ళదే అన్నట్టు.

"ప్రతి వానాకాలం మీ ఇంట్లోకి మోకాళ్ళ లోతు నీళ్ళు వస్తాయి కదా ఆంటీ," అన్నాను. "నాలా మీద ఇల్లెందుకు కట్టుకున్నారని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

ఆమె ముఖం ఎర్రబడింది.

"మేం కట్టిననాడు నాలా గీడ లేకుండె. గంత దూరంల ఉండె. అందరు కలిసి దాన్ని ఇటు నూకిండ్రు," అంది. అని, తన మాట తనే విని ఆగిపోయింది.

"మా వదిన సంగతీ అదే," అన్నాను.

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. నాలుగైదు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పెద్దావిడతో అలా అనకుండా ఉండాల్సిందని వదిన నన్నే మందలించింది.

ఇదంతా అయ్యాకే ఆ కట్ట నా బల్ల మీదికి వచ్చింది. మొదటి పేజీల్లో సముద్రం ఎందుకు పెరుగుతోందో రాశారు. భూమి వేడెక్కుతోంది, మంచు కరుగుతోంది, నీళ్ళు ఉబ్బుతున్నాయి. నదుల మీద ఆనకట్టలు ఇసుకను ఆపేస్తున్నాయి, రేవుల కోసం వేసిన రాతికట్టలు మిగిలిన ఇసుకను రానివ్వడం లేదు. అన్నీ నిజమే. కానీ రాసిన తీరు చూస్తే ఒళ్ళు మండింది. వేడెక్కుతోంది, ఆగిపోతోంది, తరిగిపోతోంది. ఒక్క వాక్యంలోనూ మనిషి లేడు. ఎవరు వేడెక్కించారు, ఎవరు ఆపారు, ఎవరు తవ్వుకుపోయారు అన్న ఊసే లేదు. మా ఇంట్లో ఉన్నవి ఒక ఫ్యాను, రెండు బల్బులు. కరెంటు పోతే అవీ లేవు. ఈ భూమిని మా అన్న, వదిన వేడెక్కించలేదు.

తర్వాత పేజీల్లో పథకం. తీరం వెంట బండరాళ్ళతో రక్షణ గోడ కడతారు. చివర అనుబంధంగా పెట్టిన పటం చూస్తే, అది దక్షిణాన పెద్ద రోడ్డు దగ్గర మొదలై, రొయ్యల కంపెనీని దాటి, ఒక రిసార్టును దాటి, మా ఊరి దక్షిణం వైపు రెండు వీధుల ముందు నుంచి వచ్చి ఆగుతుంది. ఆగేది సరిగ్గా మా వీధి మొదట్లో. అక్కణ్ణుంచి ఉత్తరానికి గోడ అక్కర్లేదని, అక్కడ విలువైన ఆస్తులు తక్కువని రాశారు. దాని కింద ఇళ్ళ పట్టిక ఉంది. మా వీధిలోని ఇళ్ళన్నిటికీ కలిపి ఒక్క గడి, అందులో 'ఇప్పటికే ఖాళీ చేసిన నిర్మాణాలు' అని అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క.

ఆ సాయంత్రం ఆ పేజీ నకలు ఇంటికి తెచ్చి వదినకు తెలుగులో చదివి వినిపించాను. బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"ఖాళీ చేశామా? ఎప్పుడు?" అంది. తర్వాత గుర్తుచేసుకుని తనే చెప్పింది. సంక్రాంతి వెళ్ళిన కొత్తలో ఇద్దరు మనుషులు వచ్చారట, మెడలో కార్డులు వేసుకుని. మగవాళ్ళంతా వేటలో, ఆడవాళ్ళంతా రేవు దగ్గర చేపల వేలంపాటలో ఉన్న వేళ. తలుపులకు తాళాలు చూసుకుంటూ, ఫోటోలు తీసుకుంటూ పోయారని పక్కింటి ముసలమ్మ చెప్పిందట. "తాళం ఉంటే ఖాళీయా? మరి మీ ఆఫీసుకి నువ్వు పోయేటప్పుడు ఈ ఇల్లు ఖాళీయేనా?"

నేను కోపంగా ఆ పేజీ మడిచి సంచిలో పెట్టాను.

మర్నాడు ఆఫీసులో మొదటి గొడవ ఒక మాట మీద వచ్చింది. మా వీధివాళ్ళను అక్కణ్ణుంచి ఏడు మైళ్ళు లోపలికి, సముద్రం కనబడని చోటికి పంపడాన్ని ఇంగ్లీషులో చాలా మెత్తగా చెప్పారు, ఏదో పద్ధతిగా వెనక్కి జరగడంలాగా. నేను 'ఇళ్ళు ఖాళీ చేయించడం' అని రాశాను. పథకం రాసిన కంపెనీవాళ్ళు దాన్ని కొట్టేసి 'స్వచ్ఛంద తరలింపు' అని మార్చమన్నారు. మా యజమాని నన్ను తన గదిలోకి పిలిచాడు. కరీంనగర్ వైపు మనిషి, గట్టిగా మాట్లాడడం తెలియదు.

"మనం పోస్టుమ్యాన్ అసుంటోళ్ళం మేడం," అన్నాడు. "లోపల ఏం రాసున్నదో మనకెందుకు? అందజెయ్యాలె, అంతే."

"పోస్టుమ్యాన్ కవరు చింపి లోపల వేరే ఉత్తరం పెట్టడు సార్."

ఆయన తల దించుకున్నాడు. ఇది తన చేతిలో లేదని, ఈ కంపెనీ పని పోతే ఆఫీసు నడవడం కష్టమని చెప్పాడు. నేను నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. సిగ్గుగా ఉన్నా రాయాలి: నేను మార్చాను. నా చేతులతోనే 'స్వచ్ఛంద తరలింపు' అని కొట్టాను.

రెండో గొడవ అంతకంటే పెద్దది, అది నేను ఎవరితోనూ పడలేదు. తెలుగు ప్రతిలో ఎనిమిది పేజీలే ఉంటాయని, చివరి అనుబంధాలు అక్కర్లేదని కంపెనీ నుంచి కబురొచ్చింది. గోడ ఎక్కడ ఆగుతుందో చూపే పటం, ఇళ్ళ పట్టిక ఆ అనుబంధాల్లోనే ఉన్నాయి. అంటే ఇంగ్లీషు చదవగలిగినవాడికి గోడ ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఆ గోడ పక్కన బతకాల్సినవాడికి, 'తీరమంతటికీ రక్షణ' అన్న మాట ఒక్కటే తెలుస్తుంది. ఆ సభలో మా అన్నలాంటివాళ్ళు చప్పట్లు కొట్టి సంతకాలు పెట్టి ఇంటికి పోతారు.

ఆ రెండు పేజీలూ నేను నా అంతట నేనే తెలుగు చేశాను. ఎవరూ అడగలేదు. భోజనం విరామంలో కూర్చుని చేశాను. పటం మీద ఊళ్ళ పేర్లు తెలుగులో రాశాను, గోడ ఆగే చోట మా వీధి పేరు రాశాను. ప్రజల ముందు పెట్టాల్సిన కాగితమే అది, దొంగతనం ఏమీ కాదని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ప్రింటరు దగ్గర ఎవరూ లేని వేళ చూసి కాపీలు తీశాను.

ఆ తర్వాత వారం జరిగింది నేను ఊహించలేదు. తీరంలో సభకు ముందు ఇక్కడే, పంజాగుట్టలోని ఒక పెద్ద హోటల్లో నిపుణుల సమావేశం పెట్టారు. తీర ప్రజల ప్రతినిధులు నలుగురు రావాల్సి ఉంది. వాళ్ళకు కబురే అందలేదో, అందినా వేట వదులుకుని రాలేకపోయారో, ఎవరూ రాలేదు. పొద్దున్నే మా యజమాని ఫోన్ చేశాడు. ఇంగ్లీషు మాటలు తెలుగులో, తెలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి నన్ను రమ్మన్నాడు. అలాగే మీ వదిన ఉన్నది కదా, ఆమెను సుత తోలుకొని రమ్మన్నాడు. అక్కడి మనిషి ఒక్కరన్నా లేకపోతే బాగుండదట.

మంచిదే అనుకున్నాను. వదిన ఉతికిన నూలు చీర కట్టుకుంది. మెట్రో స్తంభాల నీడలో అమీర్‌పేట నుంచి నడుచుకుంటూనే వెళ్ళాం. ఆటో ఎందుకు, కాళ్ళు లేవా అంది. దారంతా ఒక్కటే అడిగింది, ఆ పటం అక్కడ ఉంటుందా అని.

హాలులో చలి. మార్చి ఎండల్లోనూ శాలువా కప్పుకుని కూర్చున్నారు కొందరు. గోడ మీద పెద్ద తెర, దాని మీద మా తీరం. ఒకాయన చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. నేను వదిన చెవిలో తెలుగులో చెబుతూ పోయాను. చివర్లో సభకు పెద్దగా కూర్చున్నాయన వదిన వైపు చూసి నవ్వి, కొత్త చోట వాళ్ళకు ఏమేం సౌకర్యాలు కావాలో చెప్పమని అడిగాడు. ఆయనకు తెలుగు వచ్చు. అయినా ఇంగ్లీషులోనే అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

వదిన లేచి నిలబడింది. మైకు ఇస్తే వద్దంది.

"ముందు ఆ గోడ ఎక్కడ ఆగుద్దో చూపించండి బాబూ," అంది.

తెర పక్కన ఉన్న ఇంజనీరు, జుట్టు నెరిసిన మనిషి, ఎర్ర చుక్కతో చూపించాడు. వదిన తెర దాకా నడిచి వెళ్ళింది. వేలితో మా వీధి ఉన్న చోటు తాకింది.

"ఇది మా ఇల్లు. ఉండేది. దీని పక్కది ఒక ముసలమ్మది, ఇంకా ఉంది, మనుషులున్నారు. మీరు రాయి ఇక్కడిదాకా పోసి ఆపేస్తే ఆ నీళ్ళు ఊరికే వెనక్కి పోవు. నా చిన్నప్పటి నించి చూస్తన్నాను. రాయి తగిలిన అల దాని చివర తిరగబడి పక్కనోడి కొంప మీద పడుద్ది. ఆ పక్కనోళ్ళం మేమే. అవునా, కాదా? ఆయన్ని చెప్పమను అమ్మాయ్."

నేను ఆ మాటలన్నీ ఒక్కటి కూడా వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఇంజనీరు ముందు సభ పెద్దాయన వైపు చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు. నిజాయితీపరుడే అయి ఉండాలి. అవును, గోడ చివర కోత ఎక్కువవుతుంది, అది తెలిసిన సంగతే, దానికి పరిష్కారం ఈ పథకం పరిధిలో లేదు అని నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన వెంటనే నా వైపు చెయ్యి ఊపాడు. అది చెప్పనక్కర్లేదు, సాంకేతిక విషయం అన్నాడు.

వదిన నా ముఖం వైపు చూస్తోంది.

నాకు ఆ క్షణంలో భయం వేయలేదు. అంతవరకూ నేను మింగినదంతా పైకి వచ్చింది. తెలుగులో, హాలు చివరికి కూడా వినిపించేలా చెప్పాను.

"గోడ కడితే మన వీధి ఇంకా తొందరగా పోతుందని ఈయన ఒప్పుకుంటున్నాడు వదినా. ఆ సంగతి వీళ్ళకు ముందే తెలుసట. నీకు చెప్పొద్దని ఆయన నాకు చెబుతున్నాడు."

వదిన పెద్దాయన వైపు తిరిగింది. అరవలేదు, తిట్టలేదు. ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమంది. సమావేశంలో జరిగినవన్నీ రాస్తామని, అందరికీ పంపుతామని ఆయన చెప్పాడు. టీ విరామం అన్నారు. వదిన టీ తాగలేదు.

పది రోజుల తర్వాత ఆ సమావేశం వివరాలు వచ్చాయి. తెలుగు చేయమని మా ఆఫీసుకే వచ్చాయి, నా బల్ల మీదికే. తీర ప్రజల ప్రతినిధిగా హాజరైన మహిళ తరలింపు పట్ల సుముఖత తెలిపారని, కొత్త చోట ఆడవాళ్ళకు కుట్టు శిక్షణ కోరారని రాసి ఉంది. ఇంజనీరు మాట ఎక్కడా లేదు. నేను నవ్వాను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. ఆ నవ్వు ఆపడం నా వల్ల కాలేదు. ఆ కాగితం పట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళి ఆయన ముందు పెట్టాను. చదివి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"నేను సుత ఉన్న గదా గా హాల్ల," అన్నాడు. "ఆమె గిట్ల అనలే."

"అయితే ఆ సంగతి వాళ్ళకు రాయండి సార్."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. రాయలేనన్నాడు. ఆరుగురి బతుకు ఈ ఆఫీసు మీద ఉందన్నాడు. నేను తెలుగు చేయనని చెప్పాను. ఆయన నన్ను బలవంతపెట్టలేదు, పని పొమ్మనలేదు. ఆ కాగితం ఇంకొకరికి ఇచ్చాడు. కానీ మధ్యాహ్నం నేను నా కంప్యూటర్ మీద వదిన తరఫున అభ్యంతరం ఉత్తరం కొడుతుంటే వచ్చి వెనక నిలబడి చదివి, ఒక అచ్చుతప్పు చూపించి వెళ్ళాడు. ఆయన ధైర్యం అంతవరకే. నాకు ఆయన మీద కోపం రావాలి. సగమే వచ్చింది, ఎందుకంటే 'స్వచ్ఛంద తరలింపు' అని కొట్టిన చేతులు నావి.

ఉత్తరం మీద వదిన సంతకం పెట్టింది. ఐదో తరగతి దాకా చదివింది, గుండ్రటి అక్షరాలు. ఇద్దరం కలిసి ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. అదీ పంజాగుట్టలోనే, మా ఆఫీసుకు నడిచిపోయేంత దూరం, అద్దాల భవనం. ముందు బల్ల దగ్గరున్న అమ్మాయి మెయిల్ చేయమంది. ఉత్తరం తీసుకుని, అందినట్టు ముద్ర వేసి ఇవ్వమన్నాం. అలాంటి పద్ధతి లేదంది. పోనీ లోపలివాళ్ళను పిలవమన్నాం. మీటింగ్‌లో ఉన్నారంది.

వదిన వెళ్ళి సోఫాలో కూర్చుంది. నేనూ కూర్చున్నాను. పదకొండు గంటలకు కూర్చున్నవాళ్ళం, రెండైనా అక్కడే ఉన్నాం. ఎవరెవరో వచ్చారు, పోయారు. ఒకాయన వచ్చి సాయంత్రం రమ్మన్నాడు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటామని వదిన చెప్పింది. రెండున్నరకు సంచిలోంచి క్యారేజీ తీసి మూత తెరిచింది. అన్నం, మెత్తళ్ళ ఇగురు. ఆ చల్లటి హాలంతా చేపల వాసన. ఇద్దరం ఒడిలో పెట్టుకుని తిన్నాం. పది నిమిషాల్లో లోపల్నుంచి ఒకాయన ముద్ర పట్టుకుని వచ్చాడు. మా నకలు మీద ముద్ర వేసి, తేదీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. బయటికి వచ్చాక, కావాలనే తెరిచావా వదినా అని అడిగాను. ఆకలేసింది అంతే, అంది.

ఆ వారమే ఆమె వెళ్ళిపోతానంది. ఇంకా ఉండమన్నాను. ఇల్లు లేదు, ఎక్కడుంటావని అడిగాను. బడి వెనక రేకుల షెడ్డు వేసుకుంటామంది.

"నేనిక్కడే ఉండిపోతే నిజంగానే ఖాళీ అని రాసుకుంటారు అమ్మాయ్. అక్కడ మనిషి కనబడాలి."

ముద్ర వేసిన ఉత్తరం, నేను తెలుగు చేసిన రెండు పేజీల కాపీలు ఆ రేకు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కింది. వెళ్ళేముందు కింద ఇంటి ఓనరమ్మకు చెప్పి వెళ్ళింది. ఆమె పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ పెట్టి పంపింది.

సభ జరిగిన రోజు అన్న ఫోన్ చేసి చెప్పాడు. పటం కాపీ బడి గోడ మీద అంటించారట. వచ్చిన అధికారులు ఎనిమిది పేజీలు చదువుతుంటే, మిగతా రెండు పేజీలు కూడా చదవమని ఆడవాళ్ళు లేచారట. మా వీధివాళ్ళు ఎవరూ సంతకం పెట్టలేదు. పథకం మళ్ళీ చూస్తామని చెప్పి వెళ్ళిపోయారట. నేను సంతోషపడ్డాను. ఆ సంతోషం రెండు రోజులే.

మా ఊరి దక్షిణం వీధులవాళ్ళు, గోడ లోపల పడేవాళ్ళు, మా వాళ్ళ మీద పడ్డారు. మీ వల్లే మా గోడ ఆగిందన్నారు. ఒకే వలను కలిసి లాగినవాళ్ళు. అన్న పడవలో వాటా ఉన్న మనిషి ఆ వారం వేటకు రాలేదు. వదినను రేవు దగ్గర నోటికొచ్చినట్టు అన్నారు. వాళ్ళను నేను తప్పుపట్టలేను, వాళ్ళ ఇళ్ళ ముందూ అలలే. కానీ ఒక గీత గీసి, ఇటువాళ్ళు బతకండి, అటువాళ్ళు పోండి అని చెప్పి, ఆ రెండు గుంపులూ కొట్టుకుంటుంటే చలి గదిలో కూర్చుని పటాలు దిద్దుకునేవాళ్ళను తలచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి. ఆ రెండు పేజీలు పంపి తప్పు చేశానా అని కూడా అనుకున్నాను. వదినను అడిగితే, తెలియకుండా మునగడం కంటే తెలిసి కొట్టుకోవడమే నయం అంది. నాకు అంత నమ్మకం కలగలేదు.

వానలు వెళ్ళాక కొత్త పటం వచ్చింది. మా యజమాని ఏమీ మాట్లాడకుండా దాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. గోడను పొడిగించారు. మా వీధి దాటించారు. మా ఊరి పొలిమేరలో, పక్క ఊరు మొదలయ్యే చోట ఆపారు. తెలుగు ప్రతికి ఈసారీ ఎనిమిది పేజీలే అన్నారు. నేను ఫోన్ చేసి వదినకు చెప్పాను. మన వీధి లోపల పడింది అన్నాను. ఆమె ఊ అంది. గోడ ఇప్పుడెక్కడ ఆగుద్ది అని అడిగింది. చెప్పాను. ఆ పేజీలు కూడా తెలుగు చేసి పంపమంది. మళ్ళీ గొడవవుతుంది వదినా, మన వాళ్ళే మళ్ళీ నీ మీద పడతారు అన్నాను. పంపు అంది.

పంపాను. ఆమె ఆ కాగితాలు పట్టుకుని పక్క ఊరికి నడిచి వెళ్ళింది. అక్కడి రామాలయం అరుగు మీద కూర్చుని వాళ్ళకు చదివి వినిపించింది. మీకు గోడ వచ్చింది కదా, మా సంగతి మీకెందుకని ఒకాయన అడిగాడట. ఏం చెప్పావంటే, ఏమీ చెప్పలేదు, మళ్ళీ మొదటి నుంచి చదివాను అంది.

ఇంతవరకూ అక్కడ ఒక్క రాయి పడలేదు. మొన్న ఆదివారం మాట్లాడినప్పుడు, అలల దెబ్బకు బడి వంటగది గోడకు పగులు వచ్చిందని, పిల్లలకు అన్నం ఇప్పుడు చెట్టు కింద పెడుతున్నారని చెప్పింది. నేను ఏదో ధైర్యం చెప్పబోతే ఆపింది. రెండో పేజీలో అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయట, పెద్దవాళ్ళు చదవలేకపోతున్నారట. పెద్ద అక్షరాలతో ఇంకో ముప్పై కాపీలు తీసి పంపమంది. సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి, తీసి, బస్సు పార్సిల్‌లో వేశాను.